ఎడిటింగ్‌కు ఏ మానిటర్ కొనాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మానిటర్ల గురించే. పెళ్లిళ్ల సీజను అయిపోయి బాకీలు వసూలయ్యే రోజులు కదా, ఎడిటింగ్ చేసేవాళ్లంతా సిస్టం బాగు చేసుకుందామని చూస్తున్నట్టున్నారు. అందుకే కెమెరాల ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి మొత్తం స్క్రీన్ల గురించే రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నమస్తే. తిరుపతి భవానీ నగర్‌లో నాది చిన్న స్టూడియో. తిరుమల, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురంలో జరిగే పెళ్లిళ్లు షూట్ చేసి నేనే ఎడిట్ చేస్తాను. లాప్‌టాప్‌లో చూసుకున్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. పెన్‌డ్రైవ్ తీసుకుపోయి పార్టీ వాళ్ల ఇంట్లో టీవీకి పెడితే మొహాలు ఎర్రగా మండిపోతున్నాయి, చీరల రంగులు మారిపోతున్నాయి. ఒక ఫ్రెండు 32 అంగుళాల కర్వ్‌డ్ గేమింగ్ మానిటర్ తీసుకోమంటాడు, ఇంకొకడు 24 అంగుళాలవి మామూలువి రెండు తీసుకోమంటాడు. 35 వేల వరకు పెట్టగలను. ఏది తీసుకోమంటారు?

జవాబు: రెండూ వద్దు. 27 అంగుళాలది, ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం), 2560 × 1440 రిజల్యూషన్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (కంప్యూటర్లు మామూలుగా వాడే రంగుల పరిధి) అని స్పష్టంగా రాసి ఉన్నది ఒక్కటి తీసుకోండి. లాప్‌టాప్ ఎలాగూ ఉంది, దాన్నే పక్కన రెండో స్క్రీన్‌గా వాడుకోండి. జవాబు ఇంతే, కానీ ఎందుకో తెలియకపోతే షాపులో అతను చెప్పే నాలుగు మాటలకు మళ్లీ మనసు మారిపోతుంది, అందుకని కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు మొహాలు ఎర్రగా ఎందుకు వస్తున్నాయో చూద్దాం. తక్కువ ధర లాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్లలో స్క్రీన్ దగ్గర "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని రాసి ఉంటుంది. అంటే వీడియోలో ఉండాల్సిన రంగుల్లో దాదాపు మూడింట రెండు వంతులు మాత్రమే ఆ స్క్రీన్ చూపించగలదు. ఎరుపు దాని మీద వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. మీరేం చేస్తారు, కుంకుమ కుంకుమలా కనిపించేదాకా, పట్టుచీర నిగనిగలాడేదాకా శాచురేషన్ పెంచుతారు. ఫైల్‌లో రంగు నిజంగానే పెరిగిపోయింది, మీ స్క్రీన్‌కు చూపించే శక్తి లేక మీకు తెలియలేదు. పార్టీ ఇంట్లో టీవీకి ఆ శక్తి ఉంది, పైగా వాళ్లు దాన్ని వివిడ్ మోడ్‌లో పెట్టుకుని ఉంటారు, మీరు పెంచినదాని మీద అది ఇంకో చెయ్యి వేస్తుంది. మీ చేతిలో తప్పేం లేదు, మీ స్క్రీన్ మీకు అబద్ధం చెప్పింది.

నాకూ ఈ అనుభవం ఉంది. చాలా ఏళ్ల కిందట శ్రీకాళహస్తి పెళ్లి ఒకటి చేశాను. అమ్మాయిది వంగపండు రంగు పట్టుచీర, వాళ్ల అమ్మ కంచికి పోయి అంగళ్లన్నీ తిరిగి తెచ్చిన చీర. అప్పటి నా మానిటర్‌లో నీలం ఎక్కువ, నేను దాన్ని సరిచేస్తున్నాననుకుని ఎరుపు వైపు తోసేశాను. వాళ్లింట్లో టీవీలో అది మిరపపండు రంగులో వచ్చింది. ఆవిడ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు, "ఇది మా చీర కాదు నాయనా" అంది. మూడు రోజులు కూర్చుని మొత్తం మళ్లీ చేశాను. అప్పటినుంచి ఎవరు మానిటర్ గురించి అడిగినా సైజు గురించి కాకుండా రంగు గురించే ముందు మాట్లాడుతున్నాను.

టీవీ, యూట్యూబ్, పెన్‌డ్రైవ్, ఫోను, మనం మామూలుగా ఇచ్చే పనంతా రెక్ 709 అనే ప్రమాణం మీద నడుస్తుంది. 1990లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ హెచ్‌డీ టీవీల కోసం పెట్టిన ప్రమాణం అది. దాని మూల ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఎస్‌ఆర్‌జీబీవీ ఒకటే, అందుకే 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న ప్యానెల్ తీసుకుంటే మీ పనికి కావాల్సిన రంగులన్నీ వచ్చేసినట్టే. దానితో పాటు డెల్టా ఈ 2 కంటే తక్కువ అని ఉందా, ఫ్యాక్టరీలో కాలిబ్రేట్ చేసి (రంగులు కొలిచి సరిచేసి) ఇచ్చారా చూడండి. డెల్టా ఈ అంటే చూపించాల్సిన రంగుకూ చూపించిన రంగుకూ మధ్య తేడా, అది 2 లోపు ఉంటే మామూలు కంటికి దాదాపు తెలియదు. ఏసుస్ ప్రోఆర్ట్, బెన్‌క్యూ పీడీ, డెల్ అల్ట్రాషార్ప్, వ్యూసోనిక్ కలర్‌ప్రో, ఈ వరుసల్లో వెతకండి. ప్రోఆర్ట్‌లో పీఏ278క్యూవీ నేను చెప్పిన లెక్కకు సరిగ్గా సరిపోతుంది: 27 అంగుళాలు, ఐపీఎస్, 2560 × 1440, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 100 శాతం రెక్ 709. ధరలు వారానికోసారి మారుతుంటాయి కాబట్టి అంకె రాయను, రెండు మూడు చోట్ల అడిగి తీసుకోండి.

ఇక్కడ ఇంకో మాట. కొంతమంది ఎక్కువ డబ్బు పెట్టి 98 శాతం పీ3 (ఎస్‌ఆర్‌జీబీ కంటే పెద్ద రంగుల పరిధి) ఉన్న వైడ్ గ్యామట్ మానిటర్ తెచ్చుకుని, దాన్ని డబ్బాలోంచి తీసినట్టే వాడేస్తారు. అప్పుడు మీ లాప్‌టాప్ చేసినదానికి ఉల్టా జరుగుతుంది. మామూలు రంగు కూడా అందులో మండుతూ కనిపిస్తుంది, ఎక్కువైపోయిందని మీరు తగ్గిస్తారు, టీవీలో చూస్తే పెళ్లి మొత్తం కళ తప్పి ఉంటుంది. అలాంటిది కొంటే మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడో రెక్ 709 మోడో ఉండాలి, ఎడిట్ చేసేటప్పుడు అది ఆన్‌లో ఉండాలి.

మీ ఫ్రెండ్ చెప్పిన కర్వ్‌డ్ గేమింగ్ మానిటర్లలో చాలావరకు వీఏ ప్యానెల్ ఉంటుంది. దాని నలుపు బాగుంటుంది, కాంట్రాస్ట్ 3000కు 1 దాకా వస్తుంది, ఐపీఎస్‌లో మామూలుగా 1000కి 1. కానీ వీఏలో తల కొంచెం పక్కకు జరిగితే నీడల రంగు మారిపోతుంది. రాత్రి రిసెప్షన్‌లో అబ్బాయి నల్ల కోటు మడతలు ఒకసారి కనిపిస్తాయి, ఒకసారి కనిపించవు, ఏది నిజమో తెలియదు. పక్కన కూర్చున్న పార్టీ వాళ్లకు ఇంకో రంగు కనిపిస్తుంది. ఇక గేమింగ్ మానిటర్ల 165 హెర్ట్జ్ (స్క్రీన్ మీద బొమ్మ సెకనుకు 165 సార్లు మారడం) మీకెందుకు? మనం తీసేది సెకనుకు 25 ఫ్రేములు, ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లెక్కలో తీస్తేనే మండపంలో ట్యూబ్‌లైట్లు రెపరెపలాడకుండా వస్తాయి. 60 హెర్ట్జ్ మానిటర్‌లో 25 ఫ్రేముల వీడియో చూస్తే కెమెరా పక్కకు తిరిగేటప్పుడు చిన్నగా కుదుపు కనిపిస్తుంది, అది షూటింగ్ తప్పనుకుని కంగారు పడొద్దు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 50 హెర్ట్జ్ అని ఉంటే అది పెట్టి చూడండి, పోతుంది.

4కే కావాలా అని అడుగుతారు. 27 అంగుళాల 4కేలో అక్షరాలు మరీ చిన్నవైపోతాయి కాబట్టి 150 శాతం స్కేలింగ్ పెట్టాల్సి వస్తుంది, అలా పెట్టాక టైమ్‌లైన్‌కు దొరికే చోటు సరిగ్గా 2560 × 1440లో దొరికేంతే. నున్నగా కనిపిస్తుంది, నిజమే, డబ్బుంటే మంచిదే. మీ 35 వేలలో మాత్రం రంగు వదులుకుని 4కే తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. ఫోకస్ చూసుకోవాలంటే ప్రివ్యూను 100 శాతానికి జూమ్ చేసి చూడండి, సరిపోతుంది.

ఇప్పుడు గది సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా మటుకు సగం పని ఇక్కడే ఉంది. కొత్త మానిటర్ డబ్బాలోంచి తీసినప్పుడు 250, 300 నిట్స్ (వెలుగును కొలిచే లెక్క) వెలుగుతో ఉంటుంది. రెక్ 709 పనికి తెలుపు 100 నిట్స్ దగ్గర ఉండాలి, గదిలో లైటు ఉంటే 120 దాకా పోవచ్చు. డబ్బాలోంచి తీసినప్పటి వెలుగులోనే ఎడిట్ చేస్తే మీకు బొమ్మ బాగా వెలిగి కనిపిస్తుంది, మీరు తగ్గిస్తారు, చివరికి "వీడియో చీకటిగా ఉందన్నా" అని ఫోన్ వస్తుంది. కాబట్టి బ్రైట్‌నెస్ బాగా దించండి. మొదటి రెండు రోజులు కళ్లకు మసకగా అనిపిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. ఎకో మోడ్, డైనమిక్ కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ పెంచేవి, రాత్రిపూట స్క్రీన్‌ను పసుపు చేసే నైట్ లైట్, అన్నీ ఆపేయండి.

మన స్టూడియోల గోడలు చూస్తుంటాను, ఒకచోట చిలకపచ్చ, ఒకచోట గులాబీ. ఆకుపచ్చ గోడ ముందు గంటసేపు కూర్చుంటే కన్ను ఆ ఆకుపచ్చకు అలవాటు పడిపోయి, మానిటర్‌లో తెల్ల పంచె గులాబీగా అనిపిస్తుంది, మీరు దాన్ని మళ్లీ ఆకుపచ్చ వైపు తోస్తారు. మానిటర్ వెనక గోడ ఒక్కటైనా రంగు కలవని బూడిద రంగు వేయించండి. ఒక లీటరు పెయింటు చాలు. దాని మీద మానిటర్ వెనక నుంచి 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ చిన్నగా వెలిగేలా పెట్టండి, స్ట్రిప్ కొనేటప్పుడు సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 దాటిందో లేదో అడగండి. పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. స్వామి పటానికి వేసిన ఎర్ర సీరియల్ బల్బులు చాలాచోట్ల మానిటర్ పక్కనే ఉంటాయి. పటం అక్కడే ఉండనివ్వండి, ఆ బల్బుల చోట చిన్న తెల్ల లైటు పెట్టండి.

ఇంత చేసినా కన్ను అలసిపోతుంది, అందుకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే స్కోప్‌లు (రంగు, వెలుగుల గ్రాఫులు) చూడటం నేర్చుకోండి. మీ మానిటర్ ఎలా ఉన్నా స్కోప్ మారదు, అది ఫైల్‌లో ఉన్న అంకెనే చూపిస్తుంది. వాటిలో రంగులను చూపించే వెక్టర్‌స్కోప్‌లో ఒంటి రంగు గీత ఒకటి ఉంటుంది, నల్లటివాళ్లైనా తెల్లటివాళ్లైనా చర్మం ఇంచుమించు ఆ గీత మీదికే వస్తుంది. అయితే నలుగు పెట్టే సీన్లలో మొహం నిండా పసుపు ఉంటుంది కదా, అక్కడ చుక్కలు పసుపు వైపు జరగడమే సరైంది. వాటిని లాక్కొచ్చి గీత మీద కూర్చోబెడితే పసుపు కాస్తా మట్టి రంగు అయిపోతుంది. అలాంటప్పుడు పక్కనున్న పెద్దవాళ్ల మొహమో, పసుపు అంటని చెయ్యో పట్టుకుని సరిచేయండి.

కొనేటప్పుడు తిరుపతిలో దొరక్కపోతే మనవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతారు. పోండి, కానీ షాపులోనే డబ్బా విప్పించి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు, బూడిద రంగు స్క్రీన్లు ఒక్కొక్కటీ నిండుగా పెట్టి చూడండి. నలుపులో అంచుల దగ్గర వెలుగు కారుతోందా, బూడిదలో మచ్చలున్నాయా, చచ్చిన చుక్కలున్నాయా తెలుస్తుంది. మూడేళ్ల వారంటీ ఉందో లేదో, దానికి సర్వీసు తిరుపతిలో ఇస్తారో చెన్నైకి మోసుకురావాలో ముందే అడగండి. బస్సు డిక్కీలో పడుకోబెట్టి తేవద్దు, డబ్బాను నిలబెట్టే తీసుకురండి. బిల్లు తప్పకుండా తీసుకోండి, రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే మానిటర్ మీద కట్టిన 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు, కాంపొజిషన్ స్కీంలో ఉంటే మాత్రం కుదరదు.

ప్రశ్న: సార్, నేను చిత్తూరులో ఉంటాను. ఒక వంటల యూట్యూబ్ చానెల్‌కు, రెండు బట్టల షాపుల రీల్స్‌కు ఇంట్లోనే ఎడిటింగ్ చేస్తున్నాను. నాకు టైమ్‌లైన్ చోటు సరిపోవడం లేదు. 34 అంగుళాల అల్ట్రావైడ్ తీసుకోవాలా, రెండు మానిటర్లు పెట్టుకోవాలా? మా గది చిన్నది. ఇంకో డౌటు, మా తమ్ముడి 4కే మానిటర్ నా లాప్‌టాప్‌కు పెట్టి చూస్తే మౌసు ఆగి ఆగి కదిలింది, లాప్‌టాప్ చెడిపోయిందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: లాప్‌టాప్‌కు ఏమీ కాలేదమ్మా. పాత లాప్‌టాప్‌ల హెచ్‌డీఎంఐ 1.4 రకం అయి ఉంటుంది, దానిలో 4కే సెకనుకు 30 సార్లే వస్తుంది, అందుకే మౌసు అలా అంటుకుపోతున్నట్టు ఉంటుంది. 60 రావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి, వైరు కూడా దానికి తగ్గదే ఉండాలి. మీ లాప్‌టాప్‌లో బొమ్మ పంపగల యూఎస్‌బీ-సీ ఉంటే దాంతోనూ కుదరొచ్చు. పక్కన డీపీ గుర్తు ఉందేమో చూడండి.

అల్ట్రావైడ్ మీద నాకు వ్యతిరేకత ఏం లేదు. 3440 × 1440లో టైమ్‌లైన్ పొడుగ్గా పరుచుకుంటుంది, మధ్యలో గీత ఉండదు, పొడుగు ఇంటర్వ్యూలు కోసేవాళ్లకు హాయి. మీ పని మాత్రం వేరు. వంటల వీడియో 16:9, రీల్స్ 9:16. వీడియోను నిండుగా పెట్టి చూస్తే అల్ట్రావైడ్‌లో రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండిపోతాయి, రీల్ అయితే ఆ వెడల్పు మధ్యలో చిన్న ముక్కలా నిలబడుతుంది. నేనైతే మీకు మంచి ఐపీఎస్ 24 అంగుళాలవి రెండు తీసుకోమంటాను, కనీసం ఒకదానికి తిప్పగలిగే స్టాండు ఉండాలి. దాన్ని నిలువుగా తిప్పి పెట్టుకుంటే రీల్ దాదాపు స్క్రీన్ నిండా వస్తుంది, చూసేవాళ్లు ఫోనులో ఎలా చూస్తారో అదే ఆకారంలో మీరూ చూస్తారు. బట్టల షాపు రీల్‌లో ధర రాసిన అక్షరం ఎంత పెద్దగా ఉండాలో, జరీ అంచు రీల్ అడుగున వచ్చే బటన్ల కిందికి పోతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

రెండూ ఒకే మోడల్ అయితే రంగులు దగ్గరగా ఉంటాయి. డబ్బు చాలకపోతే ఒకటి మంచిది, ఇంకొకటి మామూలుది తీసుకుని, మంచిదాని మీదే రంగు చూడండి, మామూలుదాని మీద క్లిప్పుల ఫోల్డర్లు, టైమ్‌లైన్ పెట్టుకోండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి కంటితో ఒకటి చేయాలని కూర్చోవద్దు, వేరు వేరు ప్యానెళ్లు ఎంత తిప్పినా పూర్తిగా కలవవు, ఆ పోరులో మంచిది కూడా పాడైపోతుంది.

పప్పు, చట్నీ, మామిడికాయ పచ్చడి, వంటల చానెల్‌లో ఇవన్నీ పసుపు, ఎరుపు, ఆకుపచ్చల మధ్యే నడుస్తాయి. తెల్లన్నం తెల్లగా ఉందా అని ముందు చూడండి, అది సరిగ్గా ఉంటే మిగతావి చాలావరకు వాటంతట అవే కుదురుకుంటాయి.

ప్రశ్న: అన్నా, మేము నలుగురం ఫ్రెండ్స్, తిరుపతి, రేణిగుంట, చంద్రగిరిలో విడివిడిగా ఎడిటింగ్ చేసుకుంటున్నాం. కాలిబ్రేటర్ కొనాలంటే ఖరీదుగా ఉంది. నలుగురం కలిసి ఒకటి కొనుక్కోవచ్చా? ఫోన్ యాప్‌తో చేస్తే చాలదా?

జవాబు: కలిసి కొనుక్కోండి, చాలా మంచి ఆలోచన. స్క్రీన్‌కు తగిలించి రంగులు కొలిచే ఈ పరికరం రోజూ వాడే వస్తువు కాదు, నెలకో రెండు నెలలకో ఒకసారి పని పడుతుంది. మానిటర్ వెనకుండే ఎల్‌ఈడీ వెలుగు కాలంతో పాటు తగ్గుతూ రంగు మారుతూ ఉంటుంది, కాబట్టి ఫ్యాక్టరీ కాలిబ్రేషన్ కాగితం ఉన్నా ఏడాది తర్వాత దాన్ని నమ్మడానికి లేదు. కాలిబ్రైట్, డేటాకలర్ స్పైడర్, ఈ రెండూ ఎక్కువగా దొరికేవి. వాటితో వచ్చే సాఫ్ట్‌వేర్ ఎన్ని సిస్టంలలో వేసుకోవచ్చో కొనేముందు చదవండి, ఇబ్బంది ఉంటే డిస్‌ప్లేకాల్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. ఫోన్ యాప్ వద్దు. ఫోన్ కెమెరా తన సొంత లెక్కతో తెలుపును మారుస్తుంటుంది, దానితో కొలవడమంటే సాగే టేపుతో గుడ్డ కొలిచినట్టు.

చేసే పద్ధతి చెబుతాను. మానిటర్‌ను అరగంట వెలిగించి ఉంచండి, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అంకెలు తర్వాత జారిపోతాయి. గదిలో లైటు ఎలా పెట్టుకుని పని చేస్తారో అలాగే పెట్టండి. లక్ష్యం దగ్గర తెలుపు డీ65 (6500 కెల్విన్ పగటి తెలుపు), వెలుగు 100 నిట్స్, గామా (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పెరిగే తీరు) 2.4 ఇవ్వండి, పగటి వెలుగులో పని చేసే గది అయితే 2.2. ముందు మానిటర్ సొంత మెనూలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్‌లను తిప్పి తెలుపును వీలైనంత దగ్గరికి తెచ్చుకోండి, ఆ తర్వాతే ప్రొఫైల్ (ఆ మానిటర్ రంగుల దిద్దుబాటు ఫైలు) చేయించండి. ఈ వరుస ఎందుకు ముఖ్యమంటే, సిస్టంలో కూర్చునే ప్రొఫైల్‌ను అన్ని ప్రోగ్రాములూ గౌరవించవు. వీడియో ప్లేయర్లు చాలావరకు దాన్ని పూర్తిగా పట్టించుకోవు. ప్రీమియర్‌లో డిస్‌ప్లే కలర్ మేనేజ్‌మెంట్ అనే టిక్కు పెడితే పట్టించుకుంటుంది. మానిటర్ మెనూలో చేసిన మార్పు మాత్రం దేనికైనా వర్తిస్తుంది. డావిన్సీ రిజాల్వ్‌లో డీఐ (సినిమాకు రంగులు దిద్దే పని) స్థాయి పని చేసేవాళ్లు అందుకే డెక్‌లింక్ కార్డో అల్ట్రాస్టూడియో పెట్టెనో పెట్టుకుని, విండోస్, మ్యాక్ జోక్యం లేకుండా బొమ్మను నేరుగా గ్రేడింగ్ మానిటర్‌కు పంపుతారు.

ఒక చిన్న జాగ్రత్త. హెచ్‌డీఎంఐతో పెట్టినప్పుడు గ్రాఫిక్స్ కార్డు కొన్నిసార్లు మీ మానిటర్‌ను టీవీ అనుకుని నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు అంకెలు 0 నుంచి 255 దాకా పంపాల్సింది 16 నుంచి 235 దాకానే పంపుతుంది. నలుపు బూడిదగా, బొమ్మంతా పాలు కలిపినట్టు కనిపిస్తుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ ఫుల్ అని మార్చాకే కాలిబ్రేటర్ తగిలించండి.

ప్రశ్న: సార్, మొన్న తిరుపతి గంగజాతరలో వేషాలన్నీ ఐఫోన్‌లో తీశాను. ఫోనులో చూస్తే ధగధగలాడుతోంది, సిస్టంలో వేస్తే తెల్లగా కాలిపోయినట్టు ఉంది. హెచ్‌డీఆర్ మానిటర్ కొనాల్సిందేనా? ఓలెడ్ అయితే ఎలా ఉంటుంది?

జవాబు: కొనొద్దు. మీ ఫోను హెచ్‌డీఆర్‌లో (మామూలు కంటే ఎక్కువ వెలుగు, రంగులు ఉండే పద్ధతిలో) తీసింది, మీ టైమ్‌లైన్ రెక్ 709లో ఉంది, మధ్యలో అనువాదం చేసేవాళ్లు లేరు. సాఫ్ట్‌వేర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి ఆ క్లిప్పులను రెక్ 709కి టోన్ మ్యాప్ చేయండి (ఎక్కువ వెలుగును ఆ పరిధిలోకి దించండి), బైరాగి వేషం తెల్ల నామం, బండ వేషం కుంకుమ తిరిగి వచ్చేస్తాయి. వచ్చే ఏడాది తీసేముందు ఫోన్ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఆర్ వీడియో ఆపేసుకుంటే ఈ గొడవే ఉండదు. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 అని స్టిక్కర్ వేసిన మానిటర్లకు ఎక్కువ డబ్బు పెట్టకండి. హెచ్‌డీఆర్ గ్రేడింగ్ 1000 నిట్స్ లెక్కన జరుగుతుంది, 400 నిట్స్‌తో, నీడల దగ్గర వెనక లైటు విడిగా తగ్గే ఏర్పాటు లేకుండా అది ఎలా కనిపిస్తుంది? ఓలెడ్ గురించి కూడా అడిగారు. నలుపు అద్భుతం, కానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్యానెళ్లు, గీతలు రోజుకు పది గంటలు ఒకేచోట నిలబడి ఉంటాయి, అవి అచ్చు పడే భయం ఉంది.

ప్రశ్న: అయ్యా, పుంగనూరు నుంచి రాస్తున్నాను. మా దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. యూపీఎస్‌కు సీపీయూ ఒక్కటే పెట్టాను. మానిటర్ కూడా పెడితే బ్యాకప్ తగ్గిపోతుందా? మెడ నొప్పి కూడా ఉంది.

జవాబు: పెట్టండి. 27 అంగుళాల మానిటర్ తక్కువ బ్రైట్‌నెస్‌లో 30, 40 వాట్ల కంటే తినదు, గ్రాఫిక్స్ కార్డు తినే దానితో పోలిస్తే అది లెక్కలోది కాదు. కరెంటు పోయినప్పుడు స్క్రీన్ కనిపించకపోతే సేవ్ చేసేది ఎలా? మెడ నొప్పికి మానిటర్ పై అంచు మీ కంటి ఎత్తులో, చెయ్యి చాపినంత దూరంలో ఉండేలా పెట్టుకోండి, కింద పుస్తకాలు పేర్చైనా సరే.

ప్రశ్న: నేను చంద్రగిరిలో ఆటో నడుపుతాను. మా అబ్బాయి డిగ్రీ చదువుతూ ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు. స్నేహితుడి దగ్గర పాత సీపీయూ తెచ్చుకున్నాడు, మానిటర్ లేదు. నేను 7 వేల కంటే పెట్టలేను. దాంతో పనికొచ్చేది వస్తుందా, లేక ఇంకొన్నాళ్లు ఆగమంటారా?

జవాబు: ఆగొద్దన్నా, వస్తుంది. కొత్తది చూడకండి. చెన్నై, బెంగళూరు ఆఫీసుల్లో మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్లు సెకండ్‌హ్యాండ్‌లో వస్తుంటాయి. పాత డెల్ అల్ట్రాషార్ప్ గానీ, హెచ్‌పీలో ఐపీఎస్ అని మోడల్ వివరాల్లో ఉన్నది గానీ దొరికితే 1920 × 1080 అయినా, 1920 × 1200 అయినా తీసుకోండి. టీఎన్ ప్యానెల్ అంటే మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు. గుర్తుపట్టడం సులభం, స్క్రీన్‌ను కింది నుంచి, పై నుంచి చూసినప్పుడు మొహాల రంగు నెగెటివ్‌లాగా తిరగబడితే అది టీఎన్. మీ అబ్బాయిని వెంట తీసుకుపోండి. అరగంట వెలిగించి చూడమనండి, తెలుపు పసుపు పచ్చగా తిరిగి ఉంటే వెనక లైటు అరిగిపోయిందని అర్థం, వదిలేయండి.

మిగిలిన డబ్బుతో ఇంకేం కొనొద్దు. ఒక పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. అబ్బాయి ఏది ఎడిట్ చేసినా రెండు నిమిషాల ముక్క అందులో వేసి, మీ ఇంట్లో టీవీలో, పక్కింట్లో టీవీలో, స్నేహితుల ఫోన్లలో చూసి, ప్రతిచోటా ఏ రంగు ఎలా మారిందో ఒక నోటుబుక్‌లో రాసుకోమనండి. పది వీడియోలు అలా రాస్తే తన మానిటర్ ఏ రంగును ఎటు తోస్తుందో అతనికే తెలిసిపోతుంది. ఆ నోటుబుక్ పట్టుకుని ఒకసారి నాకు రాయమనండి, తర్వాత ఏం కొనాలో అప్పుడు చెబుతాను.